తలకు నూనె రాసిన నాడు

నాకు చదువు రాదు. నా పేరు రాస్తాను, బస్సు బోర్డు మీద నర్సీపట్నం అన్న మాటా విశాఖపట్నం అన్న మాటా పోల్చుకుంటాను. అక్కడితో సరి. అందుకని నేను చెబుతుంటే, నా చోట కొత్తగా చేరిన మంగ రాస్తోంది. అసలు చెబుతున్నదే మంగ కోసం. రేపు ఇంకెవరైనా ఈ పనికి వస్తే వాళ్ళూ చదువుకుంటారు.

పని ఏమిటంటే

నర్సీపట్నంలో నడవలేని పిల్లలకీ, మాట రాని పిల్లలకీ, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకీ ఒక బడి ఉంది. మా ఆయన చనిపోయిన ఏడాది అందులో ఆయాగా చేరాను. మొన్న దిగిపోయాను.

ఆయా అంటే పిల్లలకి కడగడం, తుడవడం, అన్నం పెట్టడం అనుకుంటారు. అదీ ఉంది. దానికి ముక్కు మూసుకునేవాళ్ళు ఈ పనికి రాకూడదు. కానీ నా పనిలో సగం బస్సులో జరిగింది. నెలకు మూడు నాలుగు సార్లు ఎవరో ఒక పిల్లనీ, వాళ్ళమ్మనీ వెంటబెట్టుకుని విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళేదాన్ని. అక్కడ కాళ్ళ డాక్టరు వేరు, చెవుల డాక్టరు వేరు, తలలోపలి సంగతి చూసే డాక్టరు వేరు. పల్లెల నుంచి వచ్చిన తల్లికి ఆ వరండాల్లో కాళ్ళు ఆడవు. నాకూ మొదట్లో అంతే. బోర్డులు చదవలేను కనుక గోడల రంగులు గుర్తు పెట్టుకున్నాను. పచ్చ గోడ దాటితే చెవులు, నీలం మెట్లెక్కితే కాళ్ళు. ఒక ఏడాది వాళ్ళు భవనమంతా తెల్ల రంగు కొట్టించేశారు. ఆ పొద్దు ఒక గంట సేపు నేనే తప్పిపోయాను.

ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడ నాకు నోరు తెరుచుకుని నిలబడిపోవడమే అయ్యేది. చెవికి మిషను పెట్టగానే తన ఏడుపు తానే విని, ఉలిక్కిపడి, ఏడుపు ఆపేసిన పిల్లాడిని చూశాను. వాడు మళ్ళీ కొంచెం ఏడ్చాడు, విన్నాడు, మళ్ళీ ఆపాడు. తన గొంతుతో తనే ఆడుకున్నాడు. గుడికి వెళితే దణ్ణం పెట్టి వచ్చేస్తాం. ఆ గదిలోంచి నాకు రాబుద్ధి కాలేదు.

తల్లిని చెప్పనివ్వాలి

చేరిన కొత్తలో నాకు ఒక పొగరు ఉండేది. ఆసుపత్రి తెలుసు కదా అని డాక్టర్లకు నేనే జవాబులు చెప్పేసేదాన్ని. కోటవురట్ల నుంచి వచ్చే ఒక పిల్లాడికి మెడ నిలబడదు. డాక్టరు "నీళ్ళు బాగా తాగుతాడా?" అని అడిగితే, "తాగుతాడండీ, నేనే తాగిస్తాను" అన్నాను. వాళ్ళమ్మ నోరు తెరిచి మూసేసింది. బయటికొచ్చాక మెల్లిగా చెప్పింది.

"ఇంటికాడ నీళ్ళు తాగితే దగ్గుతాడండీ ఆడు. గుండె ఎగిరిపోతాది నాకు. మీరు సెప్పేశారు కదాని ఊరుకున్నాను."

బడికి వచ్చాక అప్పటి మా సారుకి ఈ సంగతి చెప్పాను. ఆయన తిట్టే మనిషి కాదు. తన కుర్చీలోంచి లేచి, నన్ను కూర్చోమని, "ఇక్కడ కూర్చుంటే నేనవుతావా నారాయణమ్మా?" అన్నాడు. కానన్నాను. "మరి తల్లి పక్కన నిలబడితే తల్లివి ఎలా అవుతావు?" అన్నాడు. పది రోజుల్లోపే ఆ పిల్లాడిని మళ్ళీ తీసుకెళ్ళాం. ఈసారి తల్లే చెప్పింది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయని తేలింది.

మంగా, ఇది బాగా రాసుకో. అక్కడ మన పని సంచి పట్టుకోవడం, పిల్లను పట్టుకోవడం, తల్లికి ధైర్యంగా పక్కన ఉండడం. మాట తల్లిది.

ఆ పాఠం నాకు ఒంటబట్టింది. పొగరు మాత్రం ఇంకో దారిన వచ్చింది.

కాగితంలో ఏముందో

గొలుగొండ మండలం నుంచి వరలక్ష్మి అనే అమ్మాయి తన కూతురిని మా బడికి తెచ్చేది. చెరుకు పండించే ఇల్లు. పిల్ల పేరు నూకరత్నం, అయిదేళ్ళది. పుట్టుకతోనే కుడి చెయ్యీ కుడి కాలూ బిగుసుకుని ఉండేవి. పట్టుకుంటే నడిచేది. మాటలు ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. అమ్మ, తాత, బువ్వ, కావ్ కావ్, ఇలా పది పన్నెండు. వాటితోనే ఇల్లంతా ఏలేది.

ఉన్నట్టుండి ఆ మాటలు పోవడం మొదలైంది. ఒక నెల 'తాత' పోయింది. ఇంకో నెల కాకి వాలినా చూసేది గాని 'కావ్' అనేది కాదు. పిల్లకు జ్వరం లేదు, దెబ్బ లేదు. తెల్లారి లేచేసరికి ఒక మాట ఉండేది కాదు. వాళ్ళ నాన్నమ్మ అప్పయ్యమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. తండ్రి విసిగిపోయాడు. "పెద్దాసుపత్రికి ఒక్కసారి సూపిద్దాం. ఆళ్ళకీ తెలీకపోతే ఇంక ఇంటికాడే ఉంచేద్దాం, బడీ వద్దు ఏటీ వద్దు" అన్నాడు. పట్నం వెళ్ళేనాటికి రత్నానికి రెండే మాటలు మిగిలాయి, అమ్మ, బువ్వ.

తల డాక్టరమ్మ పిల్లను చూసి, తలకు వైర్లు పెట్టి చేసే పరీక్ష రాసింది. ఈఈజీ అంటారు. దానికి తేదీ వేసి ఒక కాగితం ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. మా బడి మేడమ్ ఆ వారం సెలవులో ఉంది. కాగితం నా సంచిలో ఉంది. తిరుగు బస్సులో వరలక్ష్మి అడిగింది.

"ఆయమ్మా, కాగితంలో ఏటుందండీ?"

చదవడం రాదని చెప్పొచ్చు. పక్క సీటులో చదువుకున్నవాళ్ళు ఉన్నారు, చూడమని అడగొచ్చు. వరలక్ష్మి ముందు నాకు సిగ్గేసింది. అన్నీ తెలిసిన మనిషినని ఆ పిల్ల నన్ను నమ్మింది కదా.

"ఏటుంటాదే, డేటూ టైమూ" అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. బస్టాండులో రత్నాన్ని చూస్తే, తలస్నానం చేయించి తెచ్చింది గాని జుట్టు పొడిగా, పీచులా ఎగురుతోంది. నా కళ్ళకి అది తల్లి లేని పిల్లలా అనిపించింది. మా వైపు తలకు చమురు లేకుండా పిల్లను గడప దాటించరు. అందులోనూ పట్నం, పెద్ద డాక్టరు. నా సంచిలో ఎప్పుడూ చిన్న కొబ్బరినూనె సీసా ఉంటుంది. బెంచీ మీద కూర్చోబెట్టి, మాడుకు పట్టేదాకా రాసి, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాను. వరలక్ష్మి మురిసిపోయింది. "పెళ్ళికూతురిలాగుందండీ!" బస్సెక్కాక పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టాను. పట్నం వచ్చేదాకా కదలకుండా పడుకుంది. అంత చల్లగా నిద్రపుచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మిషను దగ్గరుండే ఆయన తల ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ నూనెకి వైర్లు అంటుకోవమ్మా. కాగితం చదవలేదా?"

నేను రిబ్బన్లు విప్పడం మొదలుపెట్టాను.

"సరే, కడిగి తీసుకురండి. రాత్రి నిద్ర తక్కువే కదా? నిద్రలోనే చూడాలి దీన్ని. పడుకుంటుందా ఇప్పుడు?"

వరలక్ష్మి అంది, "ఇప్పుడేగదండీ లేచింది. బస్సులో బాగా తొంగుంది."

అప్పుడాయన కాగితం తీసుకుని మా ఇద్దరికీ తెలుగులో చదివి వినిపించాడు. తలకు నూనె రాయకూడదు. ముందు రాత్రి నిద్ర తగ్గించాలి. దారిలో నిద్రపోనివ్వకూడదు. మూడు ముక్కలు. మూడింటికీ సరిగ్గా ఎదురే జరిగింది, నా వల్ల.

కుళాయి కింద తల రుద్ది రుద్ది కడిగాం. వైర్లు అంటుకున్నాయి గాని, పిల్ల గుడ్లు తెరుచుకుని పంకా చూస్తూ కూర్చుంది. మా వేళ దాటిపోయింది. మళ్ళీ తేదీ అయిదు వారాలకు దొరికింది.

ఎదురొచ్చినదాన్ని

వరలక్ష్మి ఇంటికి వెళ్ళేసరికి అప్పయ్యమ్మ అరుగు మీద ఉంది. సంగతి సగం విని అందుకుంది.

"నాను ముందే సెప్పాను. బొట్టు లేని మనిషి బస్టాండులో ఎదురొస్తాది, పిల్లని ఎత్తుకుంటాది, పనెలా అవుతాది? నీకు బుద్ధి నేదే వరాలూ!"

వరలక్ష్మి తల దించుకుంది. ఆ మాటలు నాకు కొత్త కాదు. విధవ ముఖం ఎదురు రాకూడదని నన్ను చూసి గుమ్మంలోంచి వెనక్కి తిరిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ నింద నాకు హాయిగా ఉంది. శకునం చెడ్డదని వాళ్ళు అనుకుంటే, నేను కాగితం చదివించుకోలేదని ఎవరికీ తెలియదు. ఏమీ అనకుండా ఆటో ఎక్కి వచ్చేశాను.

మూడో వారంలో వరలక్ష్మి బడి గుమ్మం దగ్గర పిల్లను దించి నిలబడిపోయింది.

"ఆయమ్మా, మొన్నటినుంచి నన్ను పిలవడం నేదండీ. నాను దాక్కుంటే ఎతుకుతాది. నోట్లోంచి మాత్రం రాదు."

'బువ్వ' ముందే పోయింది, ఇప్పుడు 'అమ్మ' కూడా పోయింది.

ఆ రోజు సెలవు అడిగి గొలుగొండ వైపు ఆటో ఎక్కాను. అరుగు మీద అప్పయ్యమ్మ, లోపల వరలక్ష్మి, ఆమె పెనిమిటి. అందరి ముందూ చెప్పాను. నాకు చదువు రాదని, అడగడానికి సిగ్గుపడ్డానని, నూనె నేనే రాశానని, నిద్ర నేనే పుచ్చానని.

వరలక్ష్మి భర్త లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వరలక్ష్మి ఏడ్చింది. అప్పయ్యమ్మ నన్ను కిందికీ పైకీ చూసి అంది.

"ఓలమ్మ! నువ్వు ఎదురొచ్చినందుకు కాదన్నమాట. నూనె రాసినందుకు. ఆ ముక్క ఆ రోజే సెప్పి ఏడవొచ్చు కదే! నిన్ను ఊరికే తిట్టేను."

"తిట్టాల్సిందేనమ్మా" అన్నాను.

"తిడతాను. దీనికి ఏరే తిడతాను. కూకో, కాఫీ తాగు."

నిద్రపోనివ్వని బస్సు

రెండోసారి కాగితాన్ని మా మేడమ్ చేత చదివించుకున్నాను. తరవాత వరలక్ష్మి చేత మూడు ముక్కలూ అప్పజెప్పించాను. అప్పయ్యమ్మ తానూ వస్తానంది. తెల్లారక ముందే పిల్లను లేపి తెచ్చారు. జుట్టు పొడిగా ఎగురుతోంది. ఆ తలను చూస్తే అప్పుడు కూడా నా చెయ్యి సీసా కోసం వెతుక్కుంది. సీసా ఇంట్లోనే వదిలి వచ్చాను.

బస్సు ఎక్కబోతుంటే అప్పయ్యమ్మ ఆగి, చెయ్యి ఊపింది.

"నువ్వు ముందు నడు. నీ యెనకాల మేమొస్తాం."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, సీటులో కూర్చున్నాక గాని నాకు అర్థం కాలేదు. నా జన్మలో పని మీద వెళ్ళేవాళ్ళు నన్ను ముందు నడవమనడం అదే మొదలు.

బస్సు కదిలిందో లేదో రత్నం కళ్ళు మూతలు పడసాగాయి. నేను చేతులు రుద్దాను. వరలక్ష్మి తడిగుడ్డతో ముఖం తుడిచింది. మాకవరపాలెం దాటేసరికి తల వేలాడేసింది. అప్పయ్యమ్మ లేచి నిలబడి బస్సంతటికీ వినబడేలా అరిచింది.

"బాబూ, అమ్మా, ఈ గుంట ఇశాపట్నం దాకా తొంగోకూడదు. పరీచ్చ పాడైపోతాది. మీ నోళ్ళకి పని సెప్పండి!"

మనుషుల గురించి నేను ఎన్నో చెడ్డ మాటలు అనగలను. ఆ బస్సులోని మనుషుల గురించి అనలేను. పనస తొనల బుట్టతో ఉన్న ఆవిడ ఒక తొన ఒలిచి పిల్ల ముక్కు కింద పెట్టింది.

"తినిపించకమ్మా, గొంతుకి అడ్డం పడతాది. వాసన సూపించు సాలు" అన్నాను.

"వాసనకేటి, బస్సంతా ఇదే కదా" అందావిడ. వెనక సీటు ముసలాయన జీడిపిక్కల సంచీని గలగలలాడించాడు. బడికి వెళ్ళే పంతులమ్మ ఎక్కాలు మొదలుపెట్టింది. "ఎక్కాలైతే నాకే నిద్రొస్తాంది, ఇంకోటి ఏదన్నా సెప్పండి" అని డ్రైవరు అరిచాడు. బస్సంతా నవ్వింది, పిల్ల కళ్ళు తెరిచింది.

అందరికన్నా బొంగురు గొంతు ముసలి కండక్టరు గట్టివాడు. ప్రతి స్టాపులోనూ జనం ఎక్కాక రత్నం దగ్గరికి వచ్చి, దాని బిగుసుకున్న కుడిచేతిని మెల్లిగా పట్టుకుని, ముందున్న రాడ్డు మీద రెండుసార్లు తట్టించి, చెవి దగ్గర "రైట్ రైట్!" అనేవాడు. అప్పుడే బస్సు కదిలేది. తాళ్ళపాలెం, కశింకోట, అనకాపల్లి, ఏ స్టాపూ వదల్లేదు. అనకాపల్లి దాటాక రత్నం కళ్ళు ఇంక మూతపడలేదు. తన చెయ్యి తడితే అంత పెద్ద బస్సు కదులుతోందని చూస్తూ కూర్చుంది.

గీతలు

వైర్లు అంటుకున్నాయి. ఇరవై దాకా ఉంటాయి, రంగురంగులవి. పిల్లను మంచం మీద పడుకోబెట్టి లైటు ఆర్పారు. ఎంత అలిసిపోయిందో, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకున్న మరుక్షణం నిద్రపోయింది. అప్పయ్యమ్మ వరండాలో కూర్చుంది. వరలక్ష్మి చెయ్యి కదపడానికి వీల్లేదు కనుక, తెర దగ్గర నన్ను నిలబడమన్నారు. డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది.

తెర మీద గీతలు వస్తున్నాయి. ఒకదాని కింద ఒకటి, ఎడమ నుంచి కుడికి, ఆగకుండా. నేను అడిగాను.

"ఇవి ఎవరు గీస్తున్నారమ్మా?"

"ఆ పాపే. తల లోపల జరిగేది ఇలా కనబడుతోంది."

జీతం పట్టీ మీద నా పేరు అయిదు అక్షరాలు గీయడానికి నాకు చెమటలు పట్టేవి. మాటే రాని ఈ పిల్ల కళ్ళు మూసుకుని, వేలు కదపకుండా పేజీలకు పేజీలు రాస్తోంది. మన తలల్లో ఇంత రాత నడుస్తోందని, పుట్టినప్పటినుంచి ఒక్క క్షణం ఆగలేదని నాకు అరవై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. నా తలలోనూ ఉందన్నమాట, చదువు రాని ఈ తలలోనూ.

చూస్తుండగానే గీతలు మారాయి. మెత్తగా ఉన్నవి ముళ్ళలా లేచాయి. తెరంతా ముళ్ళు, మళ్ళీ ముళ్ళు, సందు లేకుండా. మంచం మీదికి చూశాను. రత్నం కదల్లేదు. ముఖం పాలలా ఉంది, నోటి చివర ఉమ్ము మెరుస్తోంది. తెర మీద మాత్రం తుఫాను.

"ఇదే" అంది డాక్టరమ్మ. "నిద్రపోతే చాలు, లోపల ఇది మొదలవుతోంది. పైకి ఏమీ కనబడదు. పగలు నేర్చుకున్న మాటలు నిలబడక పోవడానికి కారణం ఇదే కావచ్చు. మందులు ఉన్నాయి. ప్రయత్నిద్దాం."

మొదటిసారి బస్సులో నా ఒళ్ళో ఈ పిల్ల అంత చల్లగా పడుకున్నప్పుడు, నేను నన్ను మెచ్చుకుంటూ జోకొట్టినప్పుడు, నా చేతి కింద ఇదే జరుగుతూ ఉండొచ్చు. ఇన్నేళ్ళుగా ఎందరు పిల్లల్ని చూసి, నెమ్మదిగా పడుకున్నారు అనుకున్నానో!

"ఆ అయిదు వారాలు పోకపోతే 'అమ్మ' మాట ఉండేదా అమ్మా?" అని అడిగాను. ఆమె నా వైపు చూసి, అబద్ధం చెప్పలేదు.

"చెప్పలేం. ఉండొచ్చు, పోవచ్చు."

ఆ జవాబు ఇప్పటికీ నాతోనే ఉంది. మంగా, నువ్వు డిగ్రీ చదివావు, కాగితం చదవగలవు. నీకు రానిది ఇంకోటి ఉంటుంది. దాన్ని అడగడానికి సిగ్గుపడినప్పుడు, ఆ సిగ్గుకు ఒక పిల్ల మాట పోవచ్చని తలుచుకో.

రైట్

మందులతో మొదట పిల్ల లావెక్కింది, చిరాకుపడింది, కొరికింది. వరలక్ష్మి భర్త మానేద్దామన్నాడు. అప్పయ్యమ్మ ఒప్పుకోలేదు. "ఆ తెర మీద ముళ్ళు ఉన్నాయంట. ముల్లు దిగితే తీసేదాకా కూకుంటామా మానేస్తామా?" అని కొడుకు నోరు మూయించింది. రెండు మూడు నెలలకు మళ్ళీ చూపించాం. ముళ్ళు తగ్గాయి. మాట మాత్రం రాలేదు. ఇంకో రెండు నెలలు చూశాం. అయినా రాలేదు. వరలక్ష్మి ఆ సంగతి అడగడం మానేసింది.

నేను దిగిపోయే ముందు నా చివరి ప్రయాణం కూడా రత్నంతోనే పడింది. డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాం, నేనూ వరలక్ష్మీ, మధ్యలో రత్నం. ఆ రోజు కండక్టరు వేరే మనిషి. తాళ్ళపాలెంలో బస్సు ఆగింది. కండక్టరు కిందికి దిగి ఎవరిదో మూట ఎక్కిస్తున్నాడు. జనం ఎక్కారు, సర్దుకున్నారు. బస్సు కదల్లేదు.

రత్నం ముందుకు వంగింది. కుడిచెయ్యి మెల్లగా లేచింది. ఆ చెయ్యి దానంతట అది లేవడం నేను అప్పటిదాకా చూడలేదు. రాడ్డు మీద రెండుసార్లు తట్టింది.

"రయ్ రయ్!"

గట్టిగా, బొంగురుగా, అచ్చం ఆనాటి ముసలి కండక్టరులా. డ్రైవరు వెనక్కి చూడకుండా గేరు వేశాడు. బస్సు కదిలింది.

కింద కండక్టరు మూట వదిలేసి పరుగు. "ఓరి బాబూ ఆపండ్రా! నానింకా ఎక్కనేదు!" వెనక జనం కేకలు. డ్రైవరు బ్రేకు వేశాడు. కండక్టరు రొప్పుతూ ఎక్కి, చొక్కా సర్దుకుని, అందరినీ గుడ్లురిమి చూశాడు.

"ఎవలండీ రైటన్నది?"

వరలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆమె తన కూతురి చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"ఇదేనండీ" అంది. "మా అమ్మాయే అన్నాదండీ."

కండక్టరు పిల్లను చూశాడు, మందులకు ఉబ్బిన ముఖాన్నీ, బిగుసుకున్న చేతినీ చూశాడు. అప్పుడు కిందికి దిగి మూట ఎక్కించి, మళ్ళీ ఎక్కి, తలుపు వేసి, రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. తను 'రైట్' అనలేదు. డ్రైవరూ వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"ఊఁ, అనమ్మా" అన్నాడు కండక్టరు.

బస్సంతా ఎదురు చూసింది.